హెడ్‌సెట్‌కు సైటద్దాలు

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున జయరాజు తన కళ్లద్దాల అంగడి షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఒక అమ్మాయి వంగి లోపలికి తొంగి చూసింది. కాళ్లకు బరువైన బూట్లు, ఒంటిమీద నీలం యూనిఫాం చొక్కా, కళ్లకు మందపాటి అద్దాలు.

"అంకుల్, గుర్తు పట్టినారా?"

జయరాజుకు ముందు ఫ్రేము గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట తానే ఇచ్చిన నల్ల ఫ్రేము. తర్వాత పవర్ గుర్తొచ్చింది, రెండు కళ్లకూ మైనస్ ఎనిమిదిన్నర. మనిషి ఆఖర్న గుర్తొచ్చింది. బెళుగుప్ప దగ్గర బయ్యన్న మనవరాలు ఆశ్రిత. డిప్లొమా చదివేటప్పుడు వచ్చి చేయించుకుపోయింది.

"రామ్మా. విరిగినాయా?"

"విరగలేదంకుల్. వీటితో పని జరగడం లేదు."

ఆశ్రిత ఆరు నెలల నుంచి బెళుగుప్ప పక్క గుట్టల మీద గాలిమరల కంపెనీలో టెక్నీషియన్. ఆ బ్యాచ్‌లో ఆడపిల్ల ఆమె ఒక్కతే. కొత్తవాళ్లకు పని నేర్పడానికని కంపెనీ వాళ్లు సైటుకు ఒక హెడ్‌సెట్ పంపినారు. తలకు పెట్టుకునేది, కళ్ల మీదికి పెట్టె లాగా వస్తుంది.

"అది పెట్టుకుంటే ఎదురుగా ఉండేదీ కనపడతాది, దాని మీద లేనిదీ కనపడతాది అంకుల్. మిషన్ ముందర నిలబడితే ఏ బోల్టు ముందు తిప్పల్ల, ఎంత బిగించల్ల, అన్నీ దాని మీదనే రాసినట్ల కనపడతాయి. చెన్నైలో సారు ఉంటాడు, నేను చూసేది ఆయనకూ కనపడతాది. నా చెవిలో చెప్తాంటాడు." ఆమె ఆగి తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఈ అద్దాల మీద అది పట్టదు. అద్దాలు తీస్తే నాకు ఆ రాతలూ కనపడవు, మిషనూ కనపడదు."

"కంట్లో పెట్టుకునే లెన్సులు వాడు."

"వాడినా. ఈ దుమ్ములో రెండు దినాలకే కండ్లు ఎర్రగా అయినాయి. పెట్టె లోపల బిగించే సైటద్దాలు బయటి దేశం నుంచి వస్తాయంట, నెలన్నర పడతాదన్నారు. ట్రైనింగు వచ్చే వారం, గురువారం. దాంట్లో పాసయితేనే పైకి ఎక్కనిస్తారు, లేకపోతే ఆఫీసులో కూర్చోబెడతారు." ఆమె గొంతు తగ్గించింది. "మీరు చేయగలరా?"

జయరాజుకు యాభై ఐదేళ్లు. ముప్పై ఏళ్లుగా ఉరవకొండ బస్టాండు ఎదురుగా ఈ అంగడి నడుపుతున్నాడు. అద్దం కోసేదీ, సానపట్టేదీ ఆయనే. ఫ్రేములు చూపించి, మనిషికి నప్పిందా లేదా మొహమాటం లేకుండా చెప్పేది ఆయన భార్య కృపాకుమారి. ఈ మధ్య కుర్రవాళ్లు ఫోన్లోనే అద్దాలు తెప్పించుకుంటున్నారు, కాస్త ఉన్నవాళ్లు అనంతపురం షోరూములకు పోతున్నారు. కొత్త పని అంటూ ఎవరైనా వచ్చి చాలా రోజులయింది.

"ఆ పెట్టెను చూడల్ల ముందు," అన్నాడాయన.

ఆ మధ్యాహ్నమే ఆశ్రిత స్కూటీ వెనక కూర్చుని సైటుకు పోయినాడు. కోసేసిన కందిచేలు, మధ్యలో ఎర్రమట్టి దారి, గుట్ట ఎక్కేకొద్దీ గాలి. సైటు ఇన్‌ఛార్జి వీరేష్ బీరువా తాళం తీసి నల్ల పెట్టెలోంచి హెడ్‌సెట్‌ను రెండు చేతులతో బయటికి తీసినాడు.

"చూసుకోన్నా. మూడు లక్షల పైన. కింద పడిందంటే నా ఉద్యోగం కూడా దాంతోనే పడతాది."

జయరాజు జేబులోంచి అట్టముక్క, పెన్సిలు, చిన్న స్కేలు తీసినాడు. లోపల అద్దం ఎక్కడ కూర్చోవాలో, దాన్ని పట్టుకునే అంచు ఎంత లోతుందో అట్ట మీద గీసుకున్నాడు. తర్వాత తలకు పెట్టుకుని చూసినాడు. షెడ్డులో పాత గేర్‌బాక్సు ఒకటి దించి ఉంది. దాని మీద పచ్చని బాణాలు, అంకెలు లేచి నిలబడినాయి. ఆయన తల తిప్పినా అవి కదల్లేదు, గేర్‌బాక్సును అంటిపెట్టుకునే ఉన్నాయి. చెయ్యి చాపితే బాణంలోంచి చెయ్యి దూరిపోయింది.

"యప్పా," అన్నాడు జయరాజు.

తీసిన తర్వాత ముక్కు దూలం రుద్దుకున్నాడు. కళ్లద్దాలమ్మే మనిషికి ముందు తెలిసేది బరువే. అర్ధగంట పెట్టుకుంటే మెడ లాగుతుందనుకున్నాడు.

"ఇది అందరికీ వచ్చేదేనంటావా అన్నా?" వీరేష్ అడిగినాడు. "సెల్‌ఫోన్ వచ్చినట్ల వస్తాదని మా సార్లు అంటారు. నాకు నమ్మకం లేదు. ఇంత దుడ్లు పెట్టి, ఇంత బరువు ఎవురు మోస్తారప్పా మొగం మీద?"

"కండ్లద్దాలకూ అట్లనే అన్నారప్పా," అన్నాడు జయరాజు.

ఆయన ఈ వ్యాపారం మొదలుపెట్టింది రేకు పెట్టెతో. దగ్గరి చూపు అద్దాలు నింపుకుని సంతల్లో తిరిగేవాడు. పల్లెల్లో ఎవరూ కొనేవాళ్లు కాదు. పెట్టుకున్నవాణ్ణి చూసి పిల్లలు వెంటపడి ఎగతాళి చేసేవాళ్లు. ఒక ఏడు తొలకరికి వజ్రకరూరు పోయినాడు. వాన పడితే చేలల్లో వజ్రాలు పైకి తేలతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి వంగి వెతుకుతుంటారు. తిప్పయ్య అనే ముసలాయన జయరాజును పిలిచి, కొనను గానీ రెండు దినాలకు బాడుగకు ఇయ్యమన్నాడు. ఇచ్చినాడు.

"దొరికిందా వజ్రం?" అన్నాడు వీరేష్.

"యాడ దొరుకుతాదప్పా. మూడో దినం అద్దాలు అడిగితే మాత్రం ఇయ్యలేదు. ఇంటికి పోయినాక బియ్యంలో రాళ్లు కనపడినాయంట, ఇన్నేండ్లూ ఇవే తిన్నానా అని కోడలితో పోట్లాడి, అద్దాలకు దుడ్లు ఇచ్చేసినాడు. తర్వాతి ఏడు ఆ ఊర్లోనే రేకు పెట్టె ఖాళీ అయింది." జయరాజు అట్టముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వస్తాది. ఐదేండ్లు, మహా అయితే పదేండ్లు."

వీరేష్ నవ్వినాడు. ఆశ్రిత మాత్రం జయరాజు మొహం చూస్తూ ఉండిపోయింది.

జయరాజు రెండు రోజులు ఆ పని మీదే కూర్చున్నాడు. అంత పవర్‌కు పలుచని అద్దం ఉరవకొండలో దొరకదు. బళ్లారి నుంచి తెప్పించి, గుండ్రంగా కోసి, అంచు పెట్టెలో పట్టేదాకా సానపట్టినాడు. శనివారం ఆశ్రిత తీసుకుపోయి సాయంత్రం ఫోన్ చేసింది.

"పట్టినాయి అంకుల్. కానీ అక్షరాలు అలుక్కుపోయినట్ల ఉండాయి. కాసేపటికే తల తిరుగుతాండాది."

ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే లేచినాడు. పవర్ తప్పలేదు, కొలత తప్పలేదు. ఇంకేం తప్పిందో అర్థం కాలేదు. వీరేష్‌ను బతిమాలి మంగళవారం ఒక గంట హెడ్‌సెట్‌ను అంగడికే తెప్పించుకున్నాడు. ఆశ్రిత పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. జయరాజు ముందు నిలబడి, వంగి, పక్కకు తిరిగి చూస్తున్నాడు. కృపాకుమారి గల్లాపెట్టె దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"కొలత తీసుకునే పొద్దు ఈ పెట్టె ఎవురి మొగం మీద పెట్టి చూసినావు?"

"నా మొగం మీదనే. ఇంకెవురి మీద చూస్తా?"

"నీది ఎత్తు ముక్కు. పాప ముక్కు చూడు. పెట్టె ముక్కు మీద నిలబడలేదు, కిందికి జారి బుగ్గల మీద కూర్చునింది. అద్దం మధ్య ఒక చోట ఉండాది, పాప కన్ను ఒక చోట ఉండాది. పెట్టె కూడా ముందుకు వచ్చి కన్నుకు దూరం అయింది."

జయరాజు వంగి పెట్టె కింది అంచు చూసినాడు. ఈ లెక్క ఆయనకు తెలియనిది కాదు. అంత పవర్ ఉన్నప్పుడు అద్దం కంటికి రవ్వంత దూరం జరిగినా చూపు మారిపోతుంది. మామూలు ఫ్రేముకైతే మనిషి మొహం చూడకుండా ఒక్కరోజూ అద్దం కోయలేదు. పెట్టె ధర విని, దాని పనితనం చూసి, ఆ మొహం సంగతే మరిచిపోయినాడు.

"సరే, స్కేలు ఇయ్యి," అన్నాడు.

ఈసారి హెడ్‌సెట్ ఆశ్రిత మొహం మీద ఉండగానే, పక్క సందులోంచి సన్నని అట్ట దూర్చి కంటికీ అద్దానికీ మధ్య దూరం చూసినాడు. కృపాకుమారి పాత స్పాంజి కోసి ముక్కు దగ్గర మెత్త కుట్టి పెట్టింది. బుధవారం పొద్దున కొత్త జత తయారయింది. వీరేష్‌ను మళ్లీ బతిమాలి తెచ్చిన హెడ్‌సెట్‌లో దాన్ని బిగించుకుని, ఆశ్రిత ఎదురుగోడ వైపు చూసి, చేతివేలితో గాలిలో ఏదో నొక్కింది. ఇంకోటి నొక్కింది. కిందిదాకా చదివింది. అన్నీ బోల్టుల నంబర్లే. అయినా భార్యాభర్తలిద్దరూ పరీక్ష రాసే పిల్ల చదువుతున్నట్టు శ్రద్ధగా విన్నారు.

గురువారం జయరాజు అంగడి భార్యకు వదిలి సైటుకు పోయినాడు. ఆయన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, ఉండబట్టలేక పోయినాడు. షెడ్డు బయట కాపలా మారెప్పతో పాటు నిలబడి చూసినాడు. బయటి నుంచి చూసేవాళ్లకు ఏమీ కనపడదు. ఒక పిల్ల మొహానికి పెట్టె కట్టుకుని, గాలిలో వేలు ఆడించి, పానా పట్టుకుని, ఒక్కో బోల్టు దగ్గరికీ పోతుంది. దగ్గర లేని మనిషికి "ఓకే సార్, ఓకే సార్" అంటుంది.

"ఎవురితో మాట్లాడతాందప్పా ఈ పాప?" అన్నాడు మారెప్ప.

"చెన్నైలో ఉండే ఆయనతో."

"ఆయనకు ఈ గేర్‌బాక్సు కనపడతాదా?"

"కనపడతాది."

మారెప్ప కాసేపు ఆలోచించినాడు. "అట్లయితే నా జీతం సంగతి కూడా ఒక మాట చెప్పమను," అన్నాడు.

గంట తర్వాత ఆశ్రిత హెడ్‌సెట్ తీసింది. బుగ్గల మీద ఎర్రగా గీతలు పడినాయి. కళ్లద్దాలు లేకుండా చుట్టూ వెతుకుతూ, "అంకుల్ వచ్చినారా?" అంది. ఆయన ఆమెకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. పక్కన బల్ల మీదున్న నల్ల ఫ్రేము తీసి చేతికందించినాడు. ఆమె పాసయింది.

ఆ సంతోషంలో జయరాజు ఒక పని చేసినాడు. పెయింటర్ పాపన్నను పిలిపించి, అంగడి బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు రాయమన్నాడు: ఇచ్చట హెడ్‌సెట్లకు సైటద్దాలు చేయబడును.

"హెడ్‌సెట్ అంటే పాటలు వినేదే కదన్నా? దానికి అద్దాలెందుకు?" అన్నాడు పాపన్న బ్రష్షు ముంచుతూ.

"ఇది వేరే. నువ్వు రాయప్పా."

పాపన్న ఒక్కడే కాదు, ఊరంతా అట్లనే అనుకుంది. ఆ బోర్డు చూసి మూడు నెలల్లో ఇరవై మంది దాకా వచ్చినారు. అందరూ ఇయర్‌ఫోన్లు అడిగినవాళ్లే. ఒకాయన చార్జరు రిపేరుకు తెచ్చినాడు. పక్క మందుల అంగడి గోవిందప్ప పొద్దున్నే వచ్చి, "ఏమప్పా, ఈ దినం ఎన్ని హెడ్‌సెట్లు?" అని అడిగి నవ్వి పోయేవాడు. జయరాజు మాత్రం ఎవరైనా వస్తారేమోనని పలుచని అద్దాలు తెప్పించి పెట్టుకున్నాడు. ఆ అద్దాలు పొట్లం విప్పకుండానే డ్రాయరులో ఉండిపోయినాయి.

మే నెలలో వీరేష్ అద్దాల పని మీదే అంగడికి వచ్చినాడు. కొత్త హెడ్‌సెట్లకు మాత్రం కాదు, చత్వారం వచ్చి దగ్గరి చూపు కోసం. పవర్ చూస్తుండగా జయరాజు అడిగినాడు.

"పెట్టె ఎట్లుండాది?"

"బీరువాలో ఉండాది. ఎండకు తట్టుకోలేదన్నా. పదిన్నర అయితే చాలు, వేడెక్కిందని రాసి ఆరిపోతాది. మన ఊరి ఎండలో అది బతకదు. పొద్దున రెండు గంటలు వాడుకుంటాండాము, అంతే. మనుషులేమో పన్నెండు దాకా పని చేస్తాండారు."

ఆ సాయంత్రం జయరాజు డ్రాయరులోని పలుచని అద్దాల పొట్లం తీసి చూసి, మళ్లీ లోపల పెట్టినాడు. కృపాకుమారి అది గమనించి, షట్టరు దించే ముందు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ బోర్డు తీసేద్దామా?"

"తీసేస్తే గోవిందప్పకు ఇంకా నవ్వులాట."

"గోవిందప్ప కోసమా బోర్డు పెట్టింది?"

"కాదు." ఆయన సానరాయి మీద పడిన అద్దం పొడి తుడుస్తూ అన్నాడు, "మల్లొకసారి నేనే ముందుండల్ల అనుకున్నా. ఆ పొద్దు రేకు పెట్టె మోసేటప్పుడు అందరూ నవ్వినారు, నేను గెలిచినా. ఈసారీ అట్లనే అవుతాదనుకున్నా."

"ఆ పొద్దు నీకు ఇరవై నాలుగేండ్లు," అంది కృపాకుమారి. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నమాటగానే అంది. "పాప పైకి ఎక్కుతాంది కదా. అది చాల్లే మనకు."

ఆశ్రిత నిజంగానే పైకి ఎక్కుతూ ఉంది. జూన్‌లో ఒక ఆదివారం ఫ్రేము బిగించుకోవడానికి వచ్చింది. ఎండకు నల్లబడింది, చేతులు గట్టిపడినాయి.

"ఆ పెట్టె వాడతాండావా?" అని అడిగినాడు జయరాజు.

ఆమె కొంచెం ఇబ్బందిపడింది. "లేదంకుల్. నాకిప్పుడు దాంతో పని లేదు. బోల్టుల వరస అంతా చేతికి వచ్చేసింది. పైకి పోయేటప్పుడు హెల్మెట్టు, తాళ్లు, పానాలు మోసుకుని పోవల్ల, అది కూడా యాడ మోస్తాము?" ఆయన మొహం చూసి వెంటనే అంది, "కానీ అది లేకపోయుంటే నాకు పని వచ్చేది కాదు. మగపిల్లోళ్లయితే సీనియర్ల పక్కన దూరి చూసి నేర్చుకుంటారు. నన్ను ఎవురూ పక్కన నిలబెట్టుకోలేదు. ఆ సారు చెన్నైలో కూర్చుని ఓపికగా చెప్పినాడు."

జయరాజు ఫ్రేము ఇచ్చినాడు. ఇన్నాళ్లూ ఆయన ప్రతి ఇంట్లో ఒక హెడ్‌సెట్ ఉండే రోజు గురించే ఆలోచించినాడు. నేర్చుకునేదాకా వాడి, అయినాక పక్కన పెట్టేసే వస్తువు కూడా ఒకటి ఉంటుందని ఆయనకు తట్టలేదు. "స్క్రూ వదులైతే మల్ల రా," అన్నాడు.

వానలు వచ్చినాయి, పోయినాయి. వేరుశెనగ కొందరికి పండింది, కొందరికి పండలేదు. బోర్డు మీద రంగు కొంచెం వెలిసింది. బెంగుళూరులో పని చేసే ఒకాయన ఊరికి వచ్చినప్పుడు తన సొంత హెడ్‌సెట్ తెచ్చి అద్దాలు చేయించుకుపోయినాడు. అది ఆటలాడుకునేది, చవక రకం. అంతకు మించి ఎవరూ రాలేదు.

డిసెంబరులో కంపెనీ జీపు ఒకటి అంగడి ముందు ఆగింది. ఆశ్రిత దిగింది. ఇప్పుడు ఆమె కొత్త బ్యాచ్‌కు పని నేర్పుతూ ఉంది. ఇంకో హెడ్‌సెట్ వచ్చిందంట, మొదటిదాని కంటే కొంచెం తేలిక, ధర కూడా తగ్గిందంట. చేతిలో దాని నల్ల పెట్టె, వెనక ఒక కుర్రవాడు.

"అంకుల్, ఇతను జోయల్. వజ్రకరూరు దగ్గర. కొత్త పెట్టె చెడిపోయిందంటాడు, రాతలు సరిగా కనపడటం లేదంటాడు. మిగతావాళ్లకు బాగానే కనపడతాండాయి. ఇతనికి సైటు లేదు, కంటి పరీక్ష పాసయినట్ల కాగితం కూడా ఉండాది. అద్దంలో ఏమన్నా తేడా ఉండాదేమో చూస్తారా?"

జయరాజు హెడ్‌సెట్ పెట్టుకుని చూసినాడు. తేడా ఏమీ లేదు. జోయల్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాల బోర్డు చూపించినాడు.

జోయల్ పైనుంచి కిందిదాకా గడగడా చదివేసినాడు. ఆఖరి వరస కూడా. అంత తొందరగా మంచి చూపున్నవాళ్లు కూడా చదవరు. జయరాజు లేచి, ఆ బోర్డును తిప్పి వెనకవైపు వేసినాడు. అక్కడ అక్షరాలు వేరే వరసలో ఉంటాయి.

జోయల్ పెద్ద అక్షరం చదివినాడు. రెండో వరస దగ్గర ఆగిపోయినాడు.

"చదువప్పా," అంది ఆశ్రిత.

ఆ కుర్రవాడు తల వంచుకున్నాడు. "పరీక్ష పొద్దు నా ముందర నిలబడినోడు చదువుతాంటే విని నేర్చుకున్నా అక్కా," అన్నాడు. "అన్ని ఊర్లలోనూ అదే బోర్డు ఉంటాదని చెప్పినారు. ఉద్యోగం రాదేమోనని. ఇంట్లో అమ్మ, నాయన కూలికి పోతారు. మీరు ఆఫీసులో చెప్తారా?"

ఆశ్రిత తన ఎనిమిదిన్నర అద్దాలు పైకి తోసుకుంది. "నేనెందుకు చెప్తానప్పా నీ మీద? అద్దాలు వచ్చేదాకా మాత్రం టవరు ఎక్కొద్దు. వీరేష్ సారుతో నేను మాట్లాడతా. అద్దాలు ఉంటే పని ఇయ్యరని ఎవురు చెప్పినారు నీకు? నన్ను చూడు."

జయరాజు ట్రయల్ ఫ్రేము తీసి జోయల్ మొహానికి పెట్టి, అద్దాలు ఒకటి తర్వాత ఒకటి మార్చినాడు. మైనస్ రెండున్నర దగ్గర ఆగినాడు. ఆ పవర్‌తో ఇరవై మూడేళ్లు ఎట్ల నెట్టుకొచ్చినాడో అడగలేదు. బడిలో ముందు బెంచీలో కూర్చుని ఉంటాడు. బస్సు దగ్గరికి వచ్చినాక ఎవరినో అడిగి ఎక్కి ఉంటాడు. అడక్కుండానే తెలిసిపోయే సంగతులవి.

"రా," అని భుజం పట్టుకుని వాకిలి దగ్గరికి తీసుకుపోయినాడు.

రోడ్డుకు అవతల బస్సు ఒకటి నిలబడి ఉంది. "కళ్యాణదుర్గం," అని చదివినాడు జోయల్. దాని పక్కన టీ అంగడి పేరు చదివినాడు. తల ఎత్తి ఊరి వెనక కొండ వైపు చూసినాడు. అక్కడ రాయి రాయీ విడిగా ఉంది. ఇంకా దూరంగా, బెళుగుప్ప దిక్కు గుట్టల మీద, గాలిమరలు చిన్నగా తిరుగుతున్నాయి.

"అన్నా, రెక్కలు మూడూ కనపడతాండాయి," అన్నాడు. "ఇంత దూరం నుంచి."

జయరాజు కూడా ఆ గుట్టల వైపే చూసినాడు. పదేళ్లలో హెడ్‌సెట్ ఇంటింటికీ వస్తుందని వీరేష్‌తో పందెం కట్టినట్టు మాట్లాడిన సంగతి గుర్తొచ్చి, కొంచెం సిగ్గుపడినాడు. మామూలు కళ్లద్దాలు తను అమ్మబట్టి ముప్పై ఏళ్లయింది, ఊరూరా తిరిగినాడు. వజ్రకరూరులోనూ తిరిగినాడు. అయినా ఈ పిల్లవాడి దాకా రాలేకపోయినాడు.

"అందరికీ ఇట్లనే కనపడతాదా అన్నా?" జోయల్ అడిగినాడు.

లోపలి నుంచి కృపాకుమారి జవాబు చెప్పింది. "ఆ నాయనా. అందరికీ అట్లనే."

"హెడ్‌సెట్‌కు కూడా ఒక జత చేయల్ల కదా అంకుల్, కొలత తీసుకుంటారా?" అంది ఆశ్రిత.

"అది రేపు చూద్దాములేమ్మా. ముందు ఇవి," అన్నాడు జయరాజు. డ్రాయరు లాగి మైనస్ రెండున్నర అద్దాలు వెతికినాడు. కృపాకుమారి నాలుగు ఫ్రేములు ముందు పరిచి, "ఈడికి వచ్చి చూసుకోప్పా, ఏది కావల్ల?" అని పిలిచింది.

జోయల్ వెంటనే రాలేదు. ట్రయల్ ఫ్రేము జారకుండా ఒక చేత్తో పట్టుకుని, కళ్యాణదుర్గం బస్సు కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయేదాకా వాకిట్లోనే నిలబడినాడు.